గృహిణులకు ప్రోగ్రాము విద్య: పొదుపు పుస్తకము చెప్పు పాఠము

కావలి పట్టణమున దొడ్ల రామచంద్రారెడ్డిగారు విశ్వోదయ సంస్థను స్థాపించి కళాశాలను నెలకొల్పినది మొదలు ఈ ప్రాంతపు బాలికలకు ఉన్నతవిద్య యింటి ముంగిటికి వచ్చినది. నేడిచ్చట ఇంజనీరింగు విద్యయు లభించుచున్నది. కంప్యూటరు శాఖలో చదువు బాలికల పుస్తకములలో ‘ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగు’ అను పాఠము తప్పక యుండును. బాలిక దానిని బిగ్గరగా వల్లించుచుండ, వంటయింటిలోని తల్లికి క్లాసు, ఆబ్జెక్టు, ఎన్‌క్యాప్సులేషను, ఇన్‌హెరిటెన్సు, పాలిమార్ఫిజము అను మాటలు వినవచ్చుచుండును. ‘ఇది మనకందని విద్య’ యని తల్లి యూరకుండును. బాలికయు నిర్వచనములను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాయును గాని, ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఈ పద్ధతి యెందుల కవసరమైనది?’ అని యడిగినచో మాట తోచక నిలుచును.

తల్లి యూరకుండ నక్కరలేదనియు, ఈ విద్యకు మూలమైన సూత్రము సంసారము నడుపు ప్రతి స్త్రీకిని తెలిసినదే యనియు మా యభిప్రాయము. ఆ సూత్రమిది: ఏ వస్తువు లెక్కను ఆ వస్తువే కాపాడుకొనవలెను, దానిపై జరుగవలసిన పనికి అదియే బాధ్యత వహింపవలెను. దీనిని బోధపరచుటకు నెల్లూరు జిల్లా స్త్రీలకు మిక్కిలి పరిచయమైన వస్తువు నొకదానిని తీసికొందుము. అది పొదుపు పుస్తకము.

మన జిల్లా పుస్తకము

నెల్లూరు జిల్లాలో 1991వ సంవత్సరమున సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము మొదలైనప్పుడు, పగలెల్ల కూలిపని చేసిన స్త్రీలు రాత్రివేళ దీపముల యొద్ద కూర్చుండి అక్షరములు నేర్చిరి. చదివిన పాఠములలో తమ బ్రతుకే వారికి కానవచ్చెను. మరుసటి యేట, కావలికి పడమటనున్న కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ గ్రామపు రోశమ్మగారి పేరు రాష్ట్రమంతట మ్రోగెను. 1993 అక్టోబరు 1వ తేదీ నుండి ప్రభుత్వము సారాను నిషేధించెను. సారా పాలుగాక మిగిలిన సొమ్మును దినమున కొక రూపాయి చొప్పున దాచుకొనుటకు స్త్రీలు కట్టుకొన్న సంఘములకే ‘పొదుపులక్ష్మి’ యని పేరు వచ్చెను.

అక్షరము నేర్చిన స్త్రీ తన పుస్తకములోని యంకెను తానే చదువుకొని, ‘నా నిలవ యింత’ యని నలుగురిలో చెప్పగలిగెను. ఆ యంకె సరిగా నుండుట యెంత ముఖ్యమో ఆమెకు వేరుగ చెప్పనక్కరలేదు. ప్రోగ్రాము వ్రాయువారికి కావలసిన తొలి యెరుక యదియే.

తెరచియుంచిన ఆవర్జా

ప్రోగ్రామనగా కంప్యూటరు చేయవలసిన పనిని వరుస తప్పక చెప్పు నాజ్ఞల సముదాయము. ప్రతి ప్రోగ్రామునందును రెండు విధములైన సంగతులుండును. మొదటిది సమాచారము, రెండవది ఆ సమాచారముపై జరుగవలసిన పని. ‘మూడవ సభ్యురాలి నిలవ 1,240 రూపాయలు’ అనునది సమాచారము. ‘200 రూపాయలు జమచేయుము’ అనునది పని.

వెనుకటి పద్ధతిలో సమాచార మొకచోటను, పనులు వేరొకచోటను ఉండెడివి. చిన్న లెక్కలకు అది నేటికిని చాలును. లెక్క పెద్దదైనకొలది చిక్కు లేర్పడును. ఒక సంఘములో పదిమంది సభ్యురాండ్ర నిలవలన్నియు నొకే ఆవర్జాలో వ్రాసి, ఆ ఆవర్జాను రచ్చబండపై తెరచియుంచి, ప్రక్కన నొక కలము నుంచినారనుకొనుడు. జమ వ్రాయువారు, అప్పు వ్రాయువారు, వడ్డీ వ్రాయువారు ఎవరికివారు వచ్చి దిద్దిపోవుచుందురు. ఒకనాడు 1,240 ఉండవలసిన చోట 12,400 కానవచ్చినది. ఏ చేయి వ్రాసినది? ఎవరిని విచారింపవలెను? పదిచేతులను పట్టుకొనవలసివచ్చును. వేలకొలది పంక్తులు గల ప్రోగ్రాములో నిట్టి తప్పు పుట్టినచో దానిని వెదకుటకు దినములు పట్టును.

ఆబ్జెక్టు పద్ధతి యీ తెరచియుంచిన ఆవర్జాను మూసివేసినది. ఎవరి నిలవను వారి పుస్తకములో నుంచి, ఆ నిలవపై జరుగదగిన పనులను గూడ ఆ పుస్తకమునకే యప్పగించినది.

అచ్చును, పుస్తకమును

సంఘమువారు ముద్రణాలయమునకు బోయి పొదుపు పుస్తకములు వేయించునప్పుడు ముందుగా నొక నమూనా సిద్ధము చేయుదురు. సభ్యురాలి పేరున కొక గీత, తేదీకొక గడి, జమకొక గడి, తీసిన సొమ్మునకొక గడి, నిలవకొక గడి యని నిర్ణయింతురు. ఆ నమూనాలో ఎవరి పేరును లేదు. ఒక్క రూపాయియు లేదు. పుస్తకము ఎట్లుండవలెనో, దానితో నేయే పనులు చేయవచ్చునో మాత్రమే అందు నిర్ణయమై యుండును. ఈ నమూనాకే ప్రోగ్రాము విద్యలో ‘క్లాసు’ అని పేరు.

ఆ నమూనా ననుసరించి అచ్చైన ప్రతి పుస్తకమును ఒక ‘ఆబ్జెక్టు’. నమూనా ఒక్కటే, పుస్తకములు పది. గడులన్నిటను ఒక్కటియే గాని, నాలుగవ పుస్తకములో వ్రాసినది అయిదవ పుస్తకములో కనబడదు. గడులలో నుండు సమాచారమును ‘ఆట్రిబ్యూటు’ లందురు. జమచేయుట, తీయుట, నిలవ చెప్పుట అను పనులను ‘మెథడు’ లందురు.  క్లాసులో నెవరును సొమ్ము దాచరు. నమూనావలన పుస్తకమెట్లో, క్లాసువలన నాబ్జెక్టు అట్లు. తొలుత చదువువారు తరచుగా తడబడునది యీ భేదముననే గాన దీనిని చక్కగా గుర్తుంచుకొనవలెను.

కావలి

మన పట్టణపు పేరునకు మనభాషలో కాపు, రక్షణ అని యర్థము. ఎన్‌క్యాప్సులేషను అను పెద్దమాటకు ఇంతకంటె తగిన తెలుగుమాట మాకు దొరకలేదు. నిలవ యను గడికి పుస్తకమే కావలి యుండును. వెలుపలివారు ‘నీ నిలవను 5,000 చేసికొనుము’ అని శాసింప వీలులేదు. ‘200 రూపాయలు జమచేయుము’ అని కోరవచ్చును; పుస్తకము జమ వ్రాసి 1,240ని 1,440 చేయును. ‘2,000 రూపాయలు తీసియిమ్ము’ అని కోరినచో, పుస్తకము తన నిలవను చూచుకొని, చాలదని నిరాకరించును. ‘సున్నకు తక్కువైన మొత్తమును జమచేయుము’ అను వింతకోరికను గూడ త్రోసిపుచ్చును. ఈ పరీక్షలన్నియు ఒకేచోట, అనగా పుస్తకమునందే, వ్రాయబడియుండును. ఇక నిలవ తప్పైనచో వెదకవలసిన చోటొక్కటే.

జావా భాషలో నీ కావలికి ‘ప్రైవేటు’ అను మాట యున్నది. ఆ మాటను నిలవ ముందు వ్రాసినచో, వెలుపలినుండి నిలవను నేరుగా దిద్దబోవు ప్రోగ్రామును కంపైలరు అంగీకరింపదు. పైథాను భాషలో నిది మర్యాదకు విడువబడినది. పేరునకు ముందొక యడుగుగీత యున్నచో, అది లోపలిగదియని యెరిగి యితరులు చొరబడకుందురు. మొదటిదానికి తలుపునకు తాళమున్నది. రెండవదానికి గడప మాత్రమున్నది.

ఈ కావలివలన మరియొక మేలు గలదు. పుస్తకము వడ్డీని లోపల నెట్లు గట్టునో వెలుపలివారికి తెలియనక్కరలేదు. రేపు వడ్డీ కట్టు విధానమును మార్చినను, అడుగువారి మాట మారదు. ఏమి చేయునో చెప్పి, ఎట్లు చేయునో లోపలనుంచుటకు ‘ఆబ్‌స్ట్రాక్షను’ అని పేరు. అత్తగారు పులుసులో నేమి వేసినదియు తెలియకయే వడ్డించుకొని తినుచున్నాము గదా!

వారసత్వము

సంఘము పెరిగి సభ్యురాండ్రకు అప్పులిచ్చుట మొదలుపెట్టినది. అప్పు పుస్తకము కావలసివచ్చెను. దీనిలోను పేరున్నది, ఖాతా నంబరున్నది, తేదీలున్నవి. వాయిదాలు, బాకీ అను గడులు మాత్రము క్రొత్తవి. మొదటినుండి మరల నమూనా వ్రాయుట వృథాశ్రమ. పొదుపు నమూనానే తీసికొని దిద్దుదమా యన్నచో, అప్పు పుస్తకము పొదుపు పుస్తకము కాజాలదు.

బుద్ధిమంతులు చేయునదేమనగా, రెంటికిని ఉమ్మడియైన గడులను పైకి తీసి ‘ఖాతా’ అను నొక తల్లి నమూనాను చేయుదురు. పేరు, నంబరు, తేదీ ఖాతాకు చెందును. పొదుపు పుస్తకము, అప్పు పుస్తకము అను రెండు కూతుళ్లు ఆ గడులను తల్లినుండి పొంది, తమ తమ ప్రత్యేకపు గడులను చేర్చుకొనును. దీనినే ‘ఇన్‌హెరిటెన్సు’, అనగా వారసత్వము, అందురు. తల్లి నమూనాలో పేరు వ్రాయు గీతను పొడిగించినచో, కూతుళ్లిద్దరిలోను అది తానే పొడుగగును.

వారసత్వము ఎచ్చట తగును, ఎచ్చట తగదు అను ప్రశ్నకు ఒక సులభపరీక్ష యున్నది. ‘అప్పు పుస్తకము ఒక ఖాతాయేనా?’ అని యడుగుడు. ఔనన్నచో వారసత్వము తగును. ‘సంఘము ఒక ఖాతాయేనా?’ కాదు, సంఘమునకు ఖాతాలు గలవు. అప్పుడు సంఘమును ఖాతాకు కూతురిని చేయక, సంఘమను ఆబ్జెక్టునందు పది ఖాతాలను ఉంచవలెను. ‘అయియుండుట’ వేరు, ‘కలిగియుండుట’ వేరు. ఈ రెంటిని కలగాపులగము చేసిన ప్రోగ్రాములు ముందుముందు దిద్దుటకు మిక్కిలి కష్టమగును.

ఒక్క పిలుపు, పలు సమాధానములు

నెల ముగిసినది. సంఘపు లెక్కలు చూచునామె ప్రతి పుస్తకమునకును ‘నెల ముగింపు వ్రాసికొనుము’ అని యొకే మాట చెప్పును. పొదుపు పుస్తకము, నూటికి నెలకు పావలా చొప్పుననుకొందము, 1,440 రూపాయల నిలవకు 3 రూపాయల 60 పైసలు వడ్డీ కలుపుకొనును. అప్పు పుస్తకము, నూటికి నెలకు రూపాయి చొప్పున, 10,000 రూపాయల బాకీకి 100 రూపాయలు చేర్చుకొనును. పిలుపు ఒకటి, ఎవరి ధర్మమును వారు నెరవేర్చిరి. ఏది పొదుపు పుస్తకము, ఏది అప్పు పుస్తకము అని లెక్కలామె విడదీసి చూడ నక్కరలేకపోయెను. దీనికి ‘పాలిమార్ఫిజము’ అని పేరు. అనేకరూపత యని చెప్పవచ్చును.

కావలి చెంత ముసునూరు వద్ద 16వ నంబరు జాతీయ రహదారిపై నున్న టోల్ గేటును చూచినవారికి ఇది యింకను స్పష్టమగును. కారు, బస్సు, లారీ వరుసగా వచ్చుచుండును. గేటు అడుగునది ఒక్కటే: ‘నీ తరగతికి సుంకమెంత?’ ప్రతి వాహనమునకును దాని తరగతిని బట్టి సమాధానము వేరు. క్లాసు అను మాటకు తరగతి యనియే యర్థము గదా! రేపు క్రొత్తరకపు వాహనమొకటి వచ్చి తన సుంకమును తాను చెప్పగలిగినచో, గేటును పగులగొట్టి కట్టవలసిన పనిలేదు.

విచిత్రమేమనగా, ఈ విద్య పుట్టినప్పుడు దాని కర్తలు విచారించిన యుదాహరణములలో నొకటి సుంకపు గేటే. నార్వే దేశపు ఓస్లో నగరమున నార్వేజియన్ కంప్యూటింగు సెంటరునందు ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డు అను నిరువురు, లోకములో జరుగు వ్యవహారములను కంప్యూటరులో నడిపి చూచుటకు ‘సిమ్యులా’ అను భాషను కల్పించిరి. వారధి చెంత సుంకపు గేటు, దానిముందు వరుసగా నిలిచిన లారీలు, బస్సులు: వీటి యుమ్మడి గుణములను ఒకమారే వ్రాసి, భేదములను వేరుగ వ్రాయుట యెట్లని వారాలోచించిరి. ఆ యాలోచన ఫలమే 1967 నాటి సిమ్యులాలోని క్లాసును, వారసత్వమును. 2001వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము ఈ యిరువురకును లభించినది.

స్త్రీల చేయి

ఈ విద్యను పెంచినవారిలో స్త్రీలు గలరని మన బాలికలు తెలిసికొనవలెను. అమెరికాలో జిరాక్సు సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున ఆలన్ కే, డాన్ ఇంగాల్సు, ఆడెల్ గోల్డ్‌బర్గు మున్నగువారు 1970 తరువాతి సంవత్సరములలో ‘స్మాల్‌టాక్’ అను భాషను నిర్మించిరి. అందు సమస్తమును ఆబ్జెక్టులే. అవి యొకదానికొకటి కబురు పంపుకొనుచు పని నడపును. గోల్డ్‌బర్గు ఆ భాషను బడిపిల్లలకు నేర్పెను. దానిని లోకమునకు తెలిపిన గ్రంథములను వ్రాసెను.

బార్బరా లిస్కోవ్ 1968లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, పిమ్మట మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ‘క్లూ’ అను భాషను నిర్మించెను. 1987లో చేసిన యొక ప్రసంగమున ఆమె చెప్పిన సూత్రము నేడు ఆమె పేరిటనే వ్యవహరింపబడుచున్నది. తల్లి నమూనా మాట యిచ్చినచోట కూతురు నమూనా ఆ మాటను తప్పరాదని దాని సారాంశము. ‘పొదుపు పుస్తకము అడిగినప్పుడు నిలవనుండి సొమ్మిచ్చును’ అని నమ్మి మిగిలిన ప్రోగ్రామంతయు వ్రాయబడినదనుకొందము. ఒకరు మూడేండ్ల డిపాజిట్టు పుస్తకమును దానికి కూతురిని జేసిరి. అడిగినప్పుడు అది ‘మూడేండ్లు గడువనిమ్ము’ అనును. నమ్మిన ప్రోగ్రాము మోసపోవును. గడులు పోలినంతమాత్రమున వారసత్వము చెల్లదు, మాట నిలువవలెను. లిస్కోవ్‌కు 2008వ సంవత్సరపు ట్యూరింగు బహుమానము వచ్చినది.

ఈ మార్గముననే డెన్మార్కు దేశీయుడైన బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ సిమ్యులా క్లాసులను ‘సి’ భాషకు చేర్చ 1979లో పూనుకొనగా ‘సి ప్లస్ ప్లస్’ వెలసెను. గైడో వాన్ రోసమ్ పైథానును 1991లోను, సన్ సంస్థలో జేమ్సు గాస్లింగు బృందము నిర్మించిన జావాను 1995లోను లోకమునకు విడుదల చేసిరి. మన బాలికలు కళాశాలలలో చదువునవి చాలవరకు వీనినే.

ఇంటిలో చేయదగిన యభ్యాసము

కంప్యూటరు లేకయే యీ పాఠమును ఒక సాయంకాలమున పిల్లలకు నేర్పవచ్చును. నాలుగు అట్టముక్కలు తీసికొనుడు. మూడింటిపై పొదుపు గడులను, ఒకదానిపై అప్పు గడులను గీయుడు. నలుగురు పిల్లలకు తలయొకటి యిండు. ఎవరి యట్టను వారే చూడవలెను. ఇతరుల యట్టలోనికి తొంగిచూడరాదు. మీరు ‘100 రూపాయలు జమచేయుము’, ‘నిలవ చెప్పుము’, ‘నెల ముగింపు వ్రాసికొనుము’ అని మాత్రమే పిలువుడు. నిలవకు మించిన సొమ్ము నడిగి, బిడ్డ నిరాకరించునేమో పరీక్షింపుడు. పిమ్మట ఒక బిడ్డ యట్టను మీరే లాగికొని రహస్యముగా అంకె మార్చి, లెక్క తప్పినప్పుడు కారణమును వెదకుమనుడు. కావలి యేల వలయునో అప్పుడు పిల్లలకు తానే తెలియును.

కంప్యూటరు గలవారు పైథానును వెలలేకయే తెచ్చుకొనవచ్చును. దానిలోని ఆజ్ఞాపదములు ఆంగ్లములైనను, క్లాసులకును, గడులకును, పనులకును మనము పెట్టుకొను పేర్లు తెలుగులిపిలో నుండవచ్చును. పైథాను మూడవ కూర్పునుండి యీ సౌకర్యము గలదు, జావాలోను గలదు. ‘పొదుపుపుస్తకము’ అను క్లాసును, ‘నిలవ’ యను గడిని, ‘జమచేయు’ అను పనిని తెలుగులోనే వ్రాసి నడిపించి చూచిన బాలికకు నిర్వచనములు వల్లించు బాధ తప్పును.

తల్లులకు మా విన్నపమిది. బిడ్డ ప్రోగ్రాము వ్రాయుచున్నప్పుడు ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలడుగుడు. ‘ఈ యంకె యెవరిది? దీనిని మార్చు నధికార మెవరికి? తప్పు వచ్చినచో జవాబుదారి యెవరు?’ ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పగల బాలిక ఏ ఇంటర్వ్యూలోను తడబడదు. నేడు బ్యాంకు నిలవయు, పింఛనును, బియ్యపు కార్డును ప్రోగ్రాముల చేతిలోనికి వచ్చినవి. ఒకనాడు మన జిల్లా స్త్రీలు తమ పుస్తకములోని యంకెను చదువుటకు అక్షరములు నేర్చిరి. ఆ యంకెకు కావలి కాయు ప్రోగ్రామును వ్రాయుట వారి మనుమరాండ్ర పని.